మౌస్ పక్కన పెట్టి మీ సైట్ ఒకసారి వాడి చూడండి

మీరు కట్టిన సైట్ ఏదో ఒకటి తెరవండి. మౌస్ వైరు పీకేయండి, ల్యాప్‌టాప్ అయితే టచ్‌ప్యాడ్ జోలికి పోకండి. ఇప్పుడు ట్యాబ్ కీ కొట్టుకుంటూ ఒక అసలు పని చేయండి, టికెట్ బుక్ చేయడమో, ఫీజు కట్టడమో, అప్లికేషన్ పంపడమో, రసీదు చేతికొచ్చేదాకా. చాలా సైట్ల బండారం లాగిన్ పేజీ దాటకముందే బయటపడుతుంది. తెర మీద ఎక్కడున్నామో తెలియదు, పైనున్న మెనూ తెరుచుకోదు, ఆఫర్ పాప్‌అప్ ఒకటి వచ్చి కూర్చుంటుంది, దాన్ని మూసే ఇంటూ గుర్తు కంటికి కనిపిస్తూనే ఉంటుంది కానీ కీబోర్డుకి అందదు.

మౌస్ పట్టుకోగలిగినవాళ్లకు ఇది కాసేపటి చిరాకు, వైరు మళ్లీ పెట్టుకుంటే అయిపోతుంది. పార్కిన్సన్స్‌తో చేయి వణికేవాళ్లకు, వెన్నెముక దెబ్బతిని వేళ్లు ఆడనివాళ్లకు, ఏళ్ల తరబడి క్లిక్కులు కొట్టీ కొట్టీ మణికట్టు నొప్పి తెచ్చుకున్నవాళ్లకు ఆ వీలు లేదు. చూపు లేనివాళ్లు ఎన్‌వీడీఏ, జాస్ లాంటి స్క్రీన్ రీడర్లతో వినుకుంటూ పని చేస్తారు, తెర మీద బాణం ఎక్కడుందో కనపడనప్పుడు మౌస్ ఉండి ఏం లాభం. ఒకే ఒక్క స్విచ్ నొక్కి కంప్యూటర్ నడిపేవాళ్లున్నారు, నోటితో పుల్ల పట్టుకుని కీలు నొక్కేవాళ్లున్నారు. ఇలాంటి పరికరాలు చాలావరకు కంప్యూటర్‌కి కీబోర్డు నొక్కుళ్లుగానే చేరతాయి కాబట్టి, కీబోర్డుతో సైట్ సవ్యంగా నడిస్తే వీళ్లందరి పని చాలావరకు దారిలో పడినట్టే.

ఏ ఇబ్బందీ లేకుండానే మౌస్ ముట్టనివాళ్లు కూడా తక్కువేం లేరు. మీసేవ కౌంటర్లో, ఆస్పత్రి బిల్లింగ్ దగ్గర రోజంతా ఫారాలు నింపేవాళ్లను గమనించండి, చేయి కీబోర్డు మీంచి లేపారంటే వాళ్లకు టైమ్ వేస్ట్, వెనక క్యూ పెరిగిపోతుంది. టీవీ రిమోట్‌తో సినిమా వెతుక్కునేవాళ్లు చేసేది కూడా బాణం కీలతో తిరగడమే.

ఇందులో ఊరటనిచ్చే విషయం ఏంటంటే, కీబోర్డుతో నడవడం అనేది బ్రౌజర్ మనకు ఉచితంగా ఇచ్చేసింది. ఉత్త హెచ్‌టీఎంఎల్‌తో, స్టైల్ ఏమీ లేకుండా ఒక పేజీ రాయండి, లింకులు, బటన్లు, ఫారం అన్నీ కీబోర్డుతో చక్కగా పని చేస్తాయి. ఆ తర్వాత డిజైన్ పేరుతో, లైబ్రరీల పేరుతో మనం ఒక్కొక్కటే పోగొట్టుకుంటూ వస్తాం. అందుకని ఈ గైడ్‌లో కొత్తగా చేర్చమని చెప్పేవాటికంటే చెడగొట్టకండి అని చెప్పేవే ఎక్కువ ఉంటాయి.

ముందు కీల సంగతి

ట్యాబ్ కొడితే తర్వాతి అంశానికి, షిఫ్ట్ ట్యాబ్ కొడితే వెనక్కి. లింకుకి ఎంటర్. బటన్‌కి ఎంటర్ గానీ స్పేస్ గానీ. చెక్‌బాక్స్‌కి స్పేస్. రేడియో బటన్ల గుంపులోకి ట్యాబ్‌తో ఒక్కసారే వెళ్తాం, లోపల ఒకదాని నుంచి ఇంకోదానికి బాణం కీలతో మారతాం. డ్రాప్‌డౌన్‌లో బాణాలు, పైగా మొదటి అక్షరాలు టైప్ చేస్తే అక్కడికే దూకుతుంది. పాప్‌అప్ మూయడానికి ఎస్కేప్. వాడేవాళ్లకు ఇవి చేతివేళ్లలో ఉంటాయి, మీ సైట్ కోసం కొత్త పద్ధతి నేర్చుకోమంటే ఎవరూ నేర్చుకోరు. కీబోర్డు ప్రస్తుతం దేని మీద ఉందో దానికి ఫోకస్ ఉంది అంటాం, ఇక్కణ్ణుంచి అంతా ఆ ఫోకస్ చుట్టూనే తిరుగుతుంది.

బటన్ కావాలంటే బటనే రాయండి

నేను చూసిన సైట్లలో తప్పుల్లో సింహభాగం ఇదే. డివ్ (సొంత పనేమీ లేని ఉత్త పెట్టె లాంటి ట్యాగ్) ఒకటి తీసుకుని, దానికి రంగు వేసి, మూలలు గుండ్రంగా చేసి, ఆన్‌క్లిక్ తగిలించి బటన్ అనేస్తారు. కంటికి బటనే. ట్యాబ్ మాత్రం దాన్ని దాటుకుని వెళ్లిపోతుంది, ఎందుకంటే డివ్ మీద ఫోకస్ ఆగదు.

సరే, ట్యాబ్‌ఇండెక్స్ సున్నా పెడితే ఆగుతుంది కదా అంటారు. ఆగుతుంది, కానీ ఎంటర్ కొడితే ఏమీ జరగదు, దానికి ఒక కీడౌన్ హ్యాండ్లర్ రాయాలి. స్పేస్ కూడా పట్టుకోవాలి, పట్టుకున్నాక పేజీ కిందికి జారిపోకుండా ఆపాలి. అసలు బటన్‌కి ఎంటర్ నొక్కగానే పని చేస్తుంది, స్పేస్ మాత్రం వేలు తీశాక పని చేస్తుంది, ఆ తేడా కూడా మీరే రాసుకోవాలి. తర్వాత ఇది బటన్ అని స్క్రీన్ రీడర్‌కి తెలియాలి కాబట్టి రోల్ పెట్టాలి, పనిచేయని స్థితిలో ఉన్నప్పుడు ఫోకస్ ఆగకుండా చూడాలి. ఇంత చేసి చివరికి మీరు తయారు చేసింది బటన్ ట్యాగ్ ఒక్క లైనులో ఇచ్చేదే. బటన్ ట్యాగ్‌కి బ్రౌజర్ సొంత రూపం అంటుకుని వస్తుందని భయపడితే, ఆ బోర్డర్, బ్యాక్‌గ్రౌండ్ తీసేయడానికి నాలుగు లైన్ల సీఎస్ఎస్ చాలు.

లింకుకీ బటన్‌కీ తేడా కూడా పట్టించుకోండి. ఇంకో పేజీకి తీసుకెళ్తే లింకు, ఉన్నచోటే ఏదైనా జరిగితే బటన్. హెచ్ఆర్ఈఎఫ్ లేని యాంకర్ ట్యాగ్ మీద ఫోకస్ ఆగదు, దాన్ని లింకు అనుకుని వదిలేసిన సైట్లు బోలెడు. అలాగే ఫారాన్ని ఫారం ట్యాగ్‌లోనే పెట్టి సబ్మిట్ బటన్ ఇస్తే పాస్‌వర్డ్ టైప్ చేసి ఎంటర్ కొట్టగానే లాగిన్ అయిపోతుంది. ఆ ఒక్క ఎంటర్ పనిచేయక ట్యాబ్ నాలుగుసార్లు కొట్టాల్సి వస్తే రోజుకి వందసార్లు లాగిన్ అయ్యే ఆపరేటర్‌కి ఎంత ఒళ్లు మండుతుందో అడిగి చూడండి.

ట్యాబ్‌ఇండెక్స్ గురించి ఒక్క మాట. సున్నా వాడొచ్చు, మైనస్ ఒకటి వాడొచ్చు (ట్యాబ్‌కి దొరకదు, మన కోడ్ ఫోకస్ పంపితే మాత్రం తీసుకుంటుంది). ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసుకుంటూ పోవడం మాత్రం వద్దు. అంకె ఉన్నవన్నీ పేజీలో మిగతా వాటికంటే ముందుకు దూకుతాయి, ఆర్నెల్ల తర్వాత ఎవరో మధ్యలో ఒక ఫీల్డ్ చేర్చాక ఆ వరస ఎటు పోతుందో రాసినవాళ్లకే అర్థం కాదు.

ఎక్కడున్నామో కనపడాలి

ఫోకస్ ఉన్నచోట బ్రౌజర్ ఒక గీత గీస్తుంది. డిజైనర్‌కి ఆ గీత నచ్చదు. డెవలపర్ వెళ్లి అవుట్‌లైన్ నన్ అని రాసేస్తాడు, మొత్తం సైట్‌కి, ఒక్క లైనులో. మౌస్ వాడేవాళ్ల బాణం గుర్తు తెర మీంచి మాయం చేసేస్తే ఎలా ఉంటుందో కీబోర్డు వాడేవాళ్లకు అప్పుడు అచ్చం అలా ఉంటుంది.

ఈ గొడవ తీరిపోయి కూడా చాలా కాలమైంది. డిజైనర్ల అసలు ఫిర్యాదు మౌస్‌తో క్లిక్ చేసినప్పుడు కూడా గీత కనిపిస్తోందని. దానికోసమే ఫోకస్ విజిబుల్ అనే సెలెక్టర్ వచ్చింది, కీబోర్డుతో వచ్చినప్పుడు బటన్ల మీద గీత చూపిస్తుంది, మౌస్ క్లిక్‌కి చూపించదు. 2022 మార్చిలో సఫారీ కూడా ఇచ్చేశాక పెద్ద బ్రౌజర్లన్నిటిలో ఉంది. స్టైల్‌షీట్‌లో అవుట్‌లైన్ నన్ ఎక్కడెక్కడ ఉందో వెతికి తీసేసి, ఫోకస్ విజిబుల్‌తో మందపాటి గీత ఒకటి, రెండు మూడు పిక్సెళ్లది, కాస్త దూరంగా ఉండేలా అవుట్‌లైన్ ఆఫ్‌సెట్ ఇచ్చి పెట్టండి. రంగు పక్కనున్న రంగుతో కనీసం మూడుకి ఒకటి నిష్పత్తిలో తేడా ఉండాలి, లేత బూడిద మీద లేత నీలం గీత పెట్టి పని అయిపోయిందనుకోకండి. కొందరు గీత బదులు బాక్స్ షాడో వాడతారు, చూడ్డానికి బాగుంటుంది కానీ విండోస్ హై కాంట్రాస్ట్ మోడ్‌లో షాడోలు మాయమైపోతాయి, కాబట్టి షాడో పెట్టినా అవుట్‌లైన్ కూడా ఉంచండి.

తెలుగు సైట్ చేసేవాళ్లు చూసుకోవాల్సింది ఇంకోటుంది. ఫోకస్ వచ్చినప్పుడు మాట కింద గీత పడేలా చేస్తే ఇంగ్లిష్‌లో శుభ్రంగా ఉంటుంది, తెలుగులో మాత్రం వత్తుల మీంచి పోతుంది. "దరఖాస్తు", "చెల్లింపు", "ఆస్తి పన్ను" ఇవన్నీ మన మెనూల్లో ఉండే మాటలే, అన్నిటికీ కింద వత్తులున్నాయి. గీత వత్తుని కోసేస్తుంది, లేదా బ్రౌజర్ వత్తుల దగ్గర గీతని తుంచేసి ముక్కలు ముక్కలుగా చూపిస్తుంది, అప్పుడు ఫోకస్ ఉందో లేదో ఒక పట్టాన తెలియదు. చుట్టూ పెట్టెలా గీత గీయడమే మేలు. ఆ పెట్టె కూడా లైన్ హైట్ ఇంగ్లిష్ లెక్కలో పెట్టి ఓవర్‌ఫ్లో హిడెన్ చేసిన చోట వత్తుతో పాటు తెగిపోతుంది, అందుకని తెలుగు అక్షరాలతోనే చెక్ చేయాలి, డమ్మీ ఇంగ్లిష్ టెక్స్ట్‌తో కాదు.

పైన అంటుకుని ఉండే హెడర్, కింద అంటుకునే కుకీ పట్టీ ఉంటే ఇంకో ఇబ్బంది. షిఫ్ట్ ట్యాబ్‌తో పైకి వెళ్తుంటే ఫోకస్ ఉన్న లింకు హెడర్ వెనక దాక్కుంటుంది. స్క్రోల్ ప్యాడింగ్ టాప్ అని హెడర్ ఎత్తు ఇచ్చేస్తే చాలావరకు తీరిపోతుంది. సైట్లు అందరికీ వాడే వీలుండాలని చెప్పే అంతర్జాతీయ మార్గదర్శకాలు డబ్ల్యూసీఏజీ, 2023 అక్టోబర్‌లో వచ్చిన దాని 2.2 వెర్షన్‌లో ఇది ప్రత్యేకంగా ఒక నియమం అయింది.

వరస, దాపరికం

ట్యాబ్ నడిచేది హెచ్‌టీఎంఎల్ రాసిన వరసలో, తెర మీద కనిపించే వరసలో కాదు. ఫ్లెక్స్, గ్రిడ్ వాడి ఆర్డర్ మార్చేస్తే, రో రివర్స్ పెట్టేస్తే కంటికి ఎడమ నుంచి కుడికి ఉన్నది ఫోకస్‌కి తిరగబడుతుంది. "రద్దు", "చెల్లించు" బటన్లు తారుమారైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. వరస మార్చాలంటే హెచ్‌టీఎంఎల్‌లోనే మార్చండి.

పక్క నుంచి జారి వచ్చే మొబైల్ మెనూని తెర బయటికి తోసి దాచేస్తారు, లేదా ఒపాసిటీ సున్నా చేస్తారు. కంటికి లేదు, ట్యాబ్‌కి ఉంది. ఇరవై లింకుల మీద ఫోకస్ కనపడకుండా తిరిగి వస్తుంది, కూర్చున్నవాళ్లు కీబోర్డు చెడిపోయిందనుకుంటారు. మూసి ఉన్నప్పుడు డిస్‌ప్లే నన్ గానీ విజిబిలిటీ హిడెన్ గానీ ఇనర్ట్ గానీ పెట్టండి. మౌస్ పైకి తెస్తే తెరుచుకునే మెనూలకు బటన్ పెట్టి ఎంటర్‌తో తెరుచుకునేలా, ఎస్కేప్‌తో మూసుకునేలా చేయండి. ట్యాబ్ తగలగానే దానంతట అదే తెరుచుకునే మెనూ మాత్రం ఇంకా నరకం, దాటిపోదామనుకున్నవాళ్లు కూడా లోపలున్న లింకులన్నీ తొక్కుకుంటూ పోవాలి.

పేజీ మొదట్లోనే "అసలు విషయానికి వెళ్లండి" అని ఒక లింకు పెట్టండి, ఫోకస్ వచ్చినప్పుడు మాత్రం కనపడేలా. ప్రభుత్వ సైట్లలో పైన మూలన చూసే ఉంటారు. అది చాలా చోట్ల పని చేయదు, వెళ్లాల్సిన చోట ఐడీ ఉండదు లేదా తప్పుంటుంది. పెట్టాక ఎంటర్ కొట్టి, ఇంకోసారి ట్యాబ్ కొట్టి, నిజంగా దూకిందో లేదో చూడండి.

రియాక్ట్ లాంటి వాటితో సింగిల్ పేజ్ యాప్ కడితే పేజీ మారినట్టు కనిపిస్తుంది, ఫోకస్ మాత్రం పాత లింకు దగ్గరే, లేదంటే ఆ లింకు పోయింది కాబట్టి ఎక్కడా లేకుండా ఉంటుంది. కొత్త తెర రాగానే దాని శీర్షికకి ట్యాబ్‌ఇండెక్స్ మైనస్ ఒకటి ఇచ్చి ఫోకస్ అక్కడికి పంపండి. లిస్టులో ఒక వరస తీసేస్తే ఫోకస్ తర్వాతి వరసకి. "సేవ్" నొక్కగానే బటన్‌ని డిజేబుల్ చేసే అలవాటుంటే అక్కడా ఫోకస్ పోతుందేమో చూసుకోండి.

పాప్‌అప్

డైలాగ్ ట్యాగ్ వాడండి, షోమోడల్‌తో తెరవండి. ఫోకస్ లోపలికి వెళ్తుంది, వెనకున్న పేజీ ట్యాబ్‌కి దొరకదు, ఎస్కేప్‌తో మూసుకుంటుంది, మూశాక ఫోకస్ మళ్లీ దాన్ని తెరిచిన బటన్ దగ్గరికే వస్తుంది. ఇదంతా 2022 నుంచి పెద్ద బ్రౌజర్లన్నిటిలో ఉండగా ఇంకా సొంత పాప్‌అప్ రాసుకుంటామనేవాళ్ల ఓపికకి దండం. అయితే ఫోకస్ మొదట దేని మీద పడుతుందో చూసుకోండి, "ఖాతా తొలగించాలా?" అని అడిగే డైలాగ్‌లో అది "తొలగించు" మీద పడకూడదు.

బస్సు సీట్లు

ఇప్పుడు కాస్త కష్టమైనది. హైదరాబాద్ నుంచి విజయవాడో తిరుపతో బస్సు బుక్ చేసే సైట్ అనుకోండి. ఊర్లు, తేదీ దాకా ఎలాగో వచ్చేస్తారు, సీట్ల బొమ్మ దగ్గర ఆగిపోతారు, ఎందుకంటే అది నలభై డివ్‌ల గుంపో, ఒక ఎస్‌వీజీ బొమ్మో, మరీ ఘోరం అయితే ఒక క్యాన్వాసో అయి ఉంటుంది. క్యాన్వాస్ లోపల ఫోకస్ ఆగడానికి ఏమీ ఉండదు, అది కీబోర్డుకి ఉత్త బొమ్మ.

సీటు ఎంచుకోవడం అంటే ఏంటి, ఒకటో రెండో టిక్ పెట్టడమే కదా. కాబట్టి ప్రతి సీటూ ఒక చెక్‌బాక్స్. సీటు బొమ్మ దాని లేబుల్. చెక్‌బాక్స్ చతురస్రం కనపడకూడదనుకుంటే ఒపాసిటీ సున్నా చేసి బొమ్మ మీదే పరిచేయండి, డిస్‌ప్లే నన్ మాత్రం చేయకండి, చేస్తే ఫోకస్ పోతుంది. చెక్‌బాక్స్‌కి ఫోకస్ వచ్చినప్పుడు పక్కనున్న లేబుల్‌కి మందపాటి గీత వచ్చేలా సీఎస్ఎస్ రాయండి. ఇంతే, స్పేస్ కొడితే సీటు ఎంపికవుతుంది, మళ్లీ కొడితే పోతుంది, జావాస్క్రిప్ట్ ఒక్క లైను కూడా అక్కర్లేదు.

లేబుల్‌లో "14" అని మాత్రమే ఉంటే చూపులేనివాళ్లకు ఏం తెలుస్తుంది. "సీటు 14, కిటికీ పక్క, 850 రూపాయలు" అని ఉండాలి. స్లీపర్ అయితే కింది బెర్తా పై బెర్తా, మహిళలకు కేటాయించిందైతే ఆ మాట కూడా. గులాబీ రంగు చూసి తెలుసుకోమంటే కుదరదు. వరస డ్రైవర్ వైపు నుంచి వెనక్కి, ఒక్కో అడ్డవరస చొప్పున రావాలి. డేటాబేస్ ఇచ్చినట్టు కిటికీ సీట్లన్నీ ముందు, నడవ సీట్లన్నీ తర్వాత వస్తే పక్కపక్క సీట్లు రెండు కావాల్సిన ఇల్లాలూ ఇంటాయనా బస్సంతా చుట్టి రావాలి.

అయినా నలభై సీట్లంటే "ముందుకు" బటన్ చేరడానికి నలభై ట్యాబ్‌లు. బుక్ అయిన సీట్లని డిజేబుల్ చేస్తే ట్యాబ్ వాటిమీద ఆగదు, కొంత తగ్గుతుంది. ఇంకొంత తగ్గించడానికి బొమ్మకి ముందు "సీట్ల బొమ్మ దాటండి" అని లింకు, "కిటికీ సీట్లు మాత్రమే", "కింది బెర్తులు మాత్రమే" అని ఫిల్టర్లు పెట్టండి. ఫిల్టర్లు మౌస్ వాడేవాళ్లకీ పనికొస్తాయి.

వందల సీట్లుండే సినిమా హాలు అయితే ఇది చాలదు, బాణం కీలు కావాలి. మొత్తం బొమ్మలో ఒక్క సీటుకే ట్యాబ్‌ఇండెక్స్ సున్నా, మిగతా అన్నిటికీ మైనస్ ఒకటి. బాణం కొట్టినప్పుడు ఆ సున్నాని పక్క సీటుకి మార్చి ఫోకస్ కూడా అక్కడికి పంపాలి. అప్పుడు బొమ్మ మొత్తం ట్యాబ్‌కి ఒకే ఒక్క అంశం, లోపలికి ఒక ట్యాబ్, బయటికి ఒక ట్యాబ్. ఈ పద్ధతిలో బుక్ అయిన సీట్ల మీద కూడా ఫోకస్ ఆగనివ్వండి, ఆరియా డిజేబుల్డ్ (ఇది పనిచేయదని స్క్రీన్ రీడర్‌కి చెప్పే గుర్తు) పెట్టి "బుక్ అయింది" అని చెప్పించండి, లేకపోతే కుడి బాణం ఒకసారి కొడితే మూడు సీట్లు దూకి తాను ఏ వరసలో ఉన్నాడో తెలియని స్థితి వస్తుంది. గ్రిడ్ రోల్స్ సరిగా ఇవ్వకపోతే స్క్రీన్ రీడర్ ఆ బాణాలని తనకోసమే వాడేసుకుంటుంది, మీ కోడ్ దాకా రానివ్వదు. నా సలహా, బస్సుకి చెక్‌బాక్స్ పద్ధతి దాటి వెళ్లకండి. బాణాల పద్ధతి ఎన్‌వీడీఏతో కూర్చుని టెస్ట్ చేసే ఓపిక ఉంటేనే.

సీటు పట్టి ఉంచే గడియారం ఒకటి ఉంటుంది, ఇన్ని నిమిషాల్లో డబ్బు కట్టకపోతే సీటు పోతుందని. స్విచ్‌తో టైప్ చేసేవాళ్లకు ఒక్క పేరు, వయసు నింపడానికే ఆ టైమ్ సరిపోకపోవచ్చు. అయిపోయే ముందు హెచ్చరించి "ఇంకాస్త టైమ్ కావాలి" అనే బటన్ ఇవ్వండి, ఆ హెచ్చరిక దగ్గరికి ఫోకస్ కూడా పంపండి.

ఫారాల్లో మన దగ్గర ఎక్కువగా కనిపించే జబ్బులు

పుట్టిన తేదీ ఫీల్డ్‌ని రీడ్ఓన్లీ చేసి, క్లిక్ చేస్తేనే క్యాలెండర్ వచ్చేలా పెడతారు. 1962లో పుట్టినాయన నెలనెలా వెనక్కి నడవాలి, అదీ మౌస్ ఉంటేనే. పుట్టిన తేదీకి క్యాలెండర్ ఎందుకసలు, అది ఎవరికైనా నోటికొచ్చే తేదీ, రోజు, నెల, సంవత్సరం అని మూడు పెట్టెలు ఇస్తే టైప్ చేసుకుంటారు. ప్రయాణం తేదీకైతే క్యాలెండర్ ఉండొచ్చు, టైప్ చేసే వీలు కూడా ఉంచి.

ఓటీపీకి ఆరు పెట్టెలు. అంకె కొట్టగానే తర్వాతి పెట్టెకి దూకుతుంది, తప్పు కొట్టి వెనక్కి వద్దామంటే మళ్లీ ముందుకి తోస్తుంది, పేస్ట్ చేస్తే మొదటి అంకె మాత్రం పడుతుంది. ఒకే పెట్టె పెట్టి, అక్షరాల మధ్య ఖాళీ పెంచండి, ఆరు పెట్టెల్లాగే కనిపిస్తుంది.

బ్యాంకింగ్ సైట్లలో తెర మీద కీబోర్డు ఒకటి వస్తుంది, అంకెలు ప్రతిసారీ తారుమారై. మౌస్‌తోనే నొక్కాలంటే కొందరికి తమ డబ్బు తాము చూసుకునే దారే లేనట్టు. దాన్ని ఐచ్ఛికంగా ఉంచి మామూలు కీబోర్డుతో టైపింగ్ అనుమతించండి.

జిల్లా ఎంచుకోవడానికి సొంతంగా తయారు చేసిన డ్రాప్‌డౌన్ పెడతారు, అందులో బాణాలు పనిచేయవు, అక్షరం కొడితే దూకదు. తెలంగాణలో 33 జిల్లాలు, మామూలు సెలెక్ట్ ట్యాగ్ హాయిగా సరిపోతుంది. ఎంపిక మార్చగానే పేజీ దానంతట అదే ఎగిరిపోయేలా మాత్రం చేయొద్దు, బాణంతో కిందికి వెళ్తుంటే మొదటి జిల్లా దగ్గరే పేజీ మారిపోతుంది.

తెలుగులో టైప్ చేసేవాళ్లకు

ఈ భాగం ఇంగ్లిష్ గైడ్లలో దాదాపు దొరకదు. ఫొనెటిక్ పద్ధతిలో తెలుగు టైప్ చేసేవాళ్లకు అక్షరాలు కొడుతుంటే కింద సూచనల జాబితా వస్తుంది, బాణాలతో దిగి ఎంటర్‌తో కావాల్సిన మాట ఎంచుకుంటారు. మీ చాట్ పెట్టె ఎంటర్ వినపడగానే మెసేజ్ పంపేస్తే సగం మాట వెళ్లిపోతుంది. కీడౌన్ హ్యాండ్లర్‌లో మొదట ఈజ్‌కంపోజింగ్ (మాట ఇంకా పూర్తి కాలేదని బ్రౌజర్ చెప్పే గుర్తు) ఉందేమో చూసి, ఉంటే ఏమీ చేయకుండా వెనక్కి వచ్చేయండి. సఫారీలో అది ఒక్కోసారి మాట అయిపోయిందని అబద్ధం చెబుతుంది, కీకోడ్ 229 కూడా చూడండి. సెర్చ్ పెట్టె కింద మీ సొంత సూచనల జాబితా ఉంటే బాణం కీలకీ ఇదే జాగ్రత్త.

ఇక షార్ట్‌కట్‌లు. యూట్యూబ్‌లో కే నొక్కితే వీడియో ఆగినట్టు మీ సైట్‌లో కూడా ఒక్క అక్షరం షార్ట్‌కట్ పెట్టారనుకోండి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఆన్ చేసి ఉన్నవాళ్లు ఆ కీ నొక్కితే ఈవెంట్ కీలో వచ్చేది "క". మీ కోడ్ ఇంగ్లిష్ అక్షరం కోసం చూస్తూ కూర్చుంటుంది. ఈవెంట్ కోడ్ (కీబోర్డు మీద ఆ కీ ఉన్న చోటుకి పేరు) చూస్తే ఏ భాషలో ఉన్నా ఆ కీ ఏదో తెలుస్తుంది. కంట్రోల్ ఆల్ట్ 4 లాంటి కలయికలు వద్దు, విండోస్‌లో ఇంగ్లిష్ ఇండియా కీబోర్డులో రూపాయి గుర్తు వచ్చేది దానితోనే. ఒక్క అక్షరం షార్ట్‌కట్‌లు ఏవి పెట్టినా ఆపేసుకునే సెట్టింగ్ ఉండాలి, మాటలతో కంప్యూటర్ నడిపేవాళ్లు ఒక పదం పలికితే అందులో ప్రతి అక్షరమూ ఒక షార్ట్‌కట్‌గా పేలుతుంది.

టెస్టింగ్, క్లయింట్

ఆటోమేటిక్ టూల్స్ నడపండి, లేబుల్ లేని ఫీల్డులు, పేరు లేని బటన్లు పట్టిస్తాయి. కానీ ఫోకస్ వరస తప్పిందని, మెనూ ఎంటర్‌కి తెరుచుకోలేదని అవి చాలావరకు చెప్పలేవు, వేలితో ట్యాబ్ కొట్టాల్సిందే. ఫోకస్ ఎక్కడికో మాయమైతే క్రోమ్ డెవలపర్ టూల్స్ కన్సోల్‌లో కంటి గుర్తు నొక్కి డాక్యుమెంట్ యాక్టివ్ ఎలిమెంట్‌ని లైవ్ ఎక్స్‌ప్రెషన్‌గా పెట్టుకోండి, ట్యాబ్ కొట్టిన ప్రతిసారీ ఫోకస్ దేని మీదుందో అక్కడ కనిపిస్తుంది. మ్యాక్‌లో సఫారీ లింకుల మీద ఆగడం లేదని కంగారు పడకండి, మామూలుగా అది ట్యాబ్‌తో లింకుల మీద ఆగదు, అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో ఆన్ చేసుకోవాలి. ఎన్‌వీడీఏ ఉచితమే, విండోస్‌లో వేసుకుని తెలుగు పేజీకి భాష తెలుగు అని లాంగ్ యాట్రిబ్యూట్ ఇచ్చి వినండి, అది ఇవ్వకపోతే ఇంగ్లిష్ గొంతు తెలుగు మీద పడి తడబడుతుంది.

"ఇదంతా అవసరమా, బడ్జెట్ లేదు" అనే క్లయింట్‌కి చెప్పడానికి కొన్ని ఉన్నాయి. మౌస్ లేకుండా పని అంతా జరగాలన్నది డబ్ల్యూసీఏజీలో "A" స్థాయి, అంటే అన్నిటికంటే కింది మెట్టు. మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది, డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. యూరప్‌లో అమ్మేవాళ్లయితే అక్కడి యాక్సెసిబిలిటీ చట్టం 2025 జూన్ 28 నుంచి అమల్లోకి వచ్చింది.

అప్పుడు క్లయింట్ తెలివిగా ఒక దారి చూపిస్తాడు, ఒక్క లైన్ స్క్రిప్ట్ పెడితే సైట్ మొత్తం యాక్సెసిబుల్ అయిపోతుందట కదా, మూలన వీల్‌చెయిర్ బొమ్మ వస్తుంది, అది పెట్టేయండి అని. ఇలాంటిది అమ్మే ఒక కంపెనీ చెప్పుకున్నంత చేయలేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో దానిచేత పది లక్షల డాలర్లు కట్టించింది. మీ డివ్ బటన్‌ని ఆ స్క్రిప్ట్ వచ్చి నమ్మకంగా సరిచేయలేదు. ఆ డబ్బుతో కీబోర్డు మాత్రమే వాడే ఒకరిని పిలిచి, జీతం ఇచ్చి, ఒక పూట మీ సైట్ వాడమనండి, పక్కన కూర్చుని చూడండి, మధ్యలో సాయం చేయకండి. వచ్చిన లిస్టులో ముందు పేమెంట్ పేజీ సరిచేయండి, తర్వాత లాగిన్, క్యారౌసెల్ (తిరిగే బొమ్మల పట్టీ) సంగతి ఆఖర్న చూసుకోవచ్చు, తీసేసినా ఎవరూ అడగరు.